చవక భూమి ఎవరి పేరున?

కిందటి నెల మా కార్యాలయానికి ఒకామె వచ్చింది. ముప్పై ఎనిమిదేళ్ళుంటాయి. ఇద్దరు పిల్లలు. చేతిలో ప్లాస్టిక్ సంచీ, అందులో పాత దస్తావేజు. పెళ్ళప్పుడు పసుపు కుంకుమ కింద పుట్టింటివాళ్ళు రాసిచ్చిన డెబ్బై సెంట్లది. కౌలుకు తీసుకున్న పొలం గిట్టడం లేదట. ఈ డెబ్బై సెంట్లు అమ్మేసి కర్ణాటకలో, రాయచూరు జిల్లా సింధనూరు వైపు కొంటే అంతకు మూడింతల భూమి వస్తుందని మరిది చూసొచ్చాడట. ఇంటిల్లిపాదీ అక్కడికే వెళ్ళిపోదామంటున్నారు. “సంతకం పెట్టమంటున్నారక్కా. పెట్టనా, వద్దా?” అని అడిగింది.

మా దగ్గర కొత్తగా చేరిన అమ్మాయి వెంటనే “పెట్టొద్దు” అంది. నేనేమీ అనలేకపోయాను. ఆ సింధనూరు నాకు తెలుసు. నా చిన్నతనం అక్కడే ఒక క్యాంపులో గడిచింది.

తుంగభద్ర డ్యామ్ 1953లో పూర్తయింది. ఎడమ కాలువ కింద కొప్పళ, రాయచూరు జిల్లాల్లో జొన్నా పత్తీ పండే మెట్ట పొలాలకు నీళ్ళొచ్చాయి. వరి వ్యవసాయం అలవాటు లేని, పెట్టుబడి లేని అక్కడి చిన్న రైతులు అమ్ముకున్నారు. కృష్ణా, గోదావరి డెల్టాలవాళ్ళు ఇక్కడ ఎకరం అమ్మి అక్కడ నాలుగైదు ఎకరాలు కొనుక్కున్నారు. గంగావతి, సింధనూరు, సిరుగుప్ప చుట్టూ వెలిసిన ఆ తెలుగు ఊళ్ళనే ఇప్పటికీ క్యాంపులంటారు. ఆంధ్రా రైతు బీడును బంగారం చేశాడన్న కథ మనందరం విన్నదే. ఆ కథలో రైతు ఎప్పుడూ మగవాడే.

మేం 1971లో వెళ్ళాం. తెనాలి దగ్గర నాన్న వాటా ఎకరం, అమ్మ పసుపు కుంకుమ ఎకరం అమ్మితే తొమ్మిదెకరాలు వచ్చింది. తొమ్మిదీ నాన్న పేరునే రిజిస్టరయింది. ఇందులో మోసం ఏమీ లేదు. వేరేగా రాయించాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు, అంతే. అమ్మక్కూడా రాలేదు.

ఆ భూమి చవకగా వచ్చిందంటారు. ఆ చవకలో అమ్మ చాకిరీని ఎవరూ లెక్క కట్టలేదు. మొదటి రెండేళ్ళు బోద కప్పిన పాకలో ఉన్నాం. తుమ్మ మొద్దులు పెళ్ళగించడం, నల్లరేగడిలో మడమ దాకా దిగబడుతూ కాలువ నుంచి నీళ్ళు మోయడం, నాట్లకొచ్చిన కూలీలకు వండి పెట్టడం అన్నీ అమ్మ పనులే. మా చివరి తమ్ముడు కాన్పులోనే పోయాడు. పుట్టింటికి వెళ్ళాలంటే బస్సూ రైలూ కలిపి రోజున్నర పట్టేది. ఆ ఏడాది నాట్లు ఆగకూడదని వెళ్ళలేదు. అక్కడ పక్కన కూచుని ఏడవడానికి ఒక పెద్ద ముత్తైదువ కూడా లేదు. ఆస్పత్రిలో నర్సు ఏమందో అమ్మకు అర్థం కాలేదు. నేనూ ఐదో క్లాసు దాకా కన్నడ బడిలో చదివాను. హైస్కూలు దూరమని నన్ను అమ్మమ్మ దగ్గరికి తెనాలి పంపేశారు. అన్నయ్యలిద్దరూ మాత్రం సైకిళ్ళ మీద అదే హైస్కూలుకు వెళ్ళారు.

నాన్న 1993లో పోయారు. వీలునామా లేదు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యకీ, కొడుకులకీ, కూతురికీ సమాన భాగాలు. నలుగురం కాబట్టి తలా రెండెకరాల పది గుంటలు. ఇది నాకు బాగా తెలుసు. అప్పటికే నేను సంఘంలో పని చేస్తున్నాను, ఊరూరా తిరిగి ఆస్తిహక్కు గురించి ఉపన్యాసాలిస్తున్నాను.

1995లో అన్నయ్యలు పౌతి ఖాతా చేయించుకోవాలని, బ్యాంకు అప్పుకి సులువుగా ఉంటుందని, అమ్మనీ నన్నూ సబ్ రిజిస్ట్రారు ఆఫీసుకి తీసుకెళ్ళారు. కాగితం కన్నడంలో ఉంది. కన్నడ అక్షరాలు మన అక్షరాల్లాగే ఉంటాయి కదా, అమ్మ ఒక్కొక్కటీ కూడబలుక్కుంది. “హక్కు...” అని పైకే చదివి నావైపు చూసి నవ్వింది. తనకేదో హక్కు రాస్తున్నారనుకుంది. ఆ కాగితం పేరు ‘హక్కు బిడుగడె పత్ర’. మన భాషలో హక్కు విడుదల పత్రం. ఉన్న హక్కు వదిలేసుకున్నట్టు.

నాకు కన్నడ చదవడం వచ్చు. నేను పక్కనే ఉన్నాను. మొత్తం చదివాను. అన్నయ్యలతో తగువెందుకు, అమ్మను వాళ్ళే కదా చూసుకోవాలి అని నోరు మూసుకున్నాను. అమ్మ సంతకం పెట్టింది. నేనూ పెట్టాను.

తర్వాత పద్నాలుగేళ్ళు అమ్మ ఆర్నెల్లు ఒక కొడుకింట్లో, ఆర్నెల్లు ఇంకో కొడుకింట్లో వంతుల మీద బతికింది. అన్నయ్యలు చెడ్డవాళ్ళు కారు, తిండికి లోటు చేయలేదు. అయినా మందులకి ఎవరిని అడగాలి, మనవరాలి పెళ్ళికి చీర ఎక్కణ్ణించి తేవాలి అన్నది ప్రతిసారీ ఆమెకి సమస్యే. 2009లో పోయేముందు ఒకరోజు “ఊళ్ళో ఉన్నప్పుడు ఎకరం నాదేనే” అంది. ఆ కాగితంలో ఏముందో అప్పటికి ఆమెకి తెలిసిపోయింది. నాకు ముందే తెలుసన్న సంగతి తెలుసో లేదో నేను అడగలేదు.

ఈ పేజీల్లో నేను చాలాసార్లు చట్టాల గురించి రాశాను గాని ఇది రాయలేదు. ఇప్పుడు రాయడానికి కారణం ఆ సంచీతో వచ్చిన మనిషి.

వలస వెళ్ళొద్దని చెప్పే హక్కు మనకి లేదు. ఇక్కడ బతుకు గడవనప్పుడు చవకైన చోటు వెతుక్కోవడం తప్పెలా అవుతుంది? పట్నంలో అద్దెలు కట్టలేక పక్క రాష్ట్రపు పల్లెలో చిన్న ఇల్లు చూసుకుంటున్న ఒంటరి స్త్రీలూ, రిటైరైన టీచర్లూ నాకు తెలుసు. హాయిగానే ఉన్నారు. నా అభ్యంతరం ‘చవక’ అన్న మాటను ధర ఒక్కటే చూసి వాడటం మీద. కొన్ని చోట్ల భూమి చవకగా దొరికేది అది అమ్మకూడని భూమి కాబట్టే. మన ఏజెన్సీలో గిరిజనేతరులు కొనడానికి వీల్లేదని 1/70 చట్టం చెబుతోంది. కర్ణాటకలో దళితులకూ గిరిజనులకూ ప్రభుత్వం ఇచ్చిన భూముల్ని అనుమతి లేకుండా కొంటే ఆ అమ్మకం చెల్లదని 1978 చట్టం ఉంది. వ్యవసాయదారులు కానివాళ్ళు కొనకూడదన్న ఆంక్షను కర్ణాటక 2020లో తీసేశాక బ్రోకర్లు పెరిగారు, వాళ్ళు ఈ రెండో సంగతి చెప్పరు. మా తొమ్మిదెకరాల్లో నాట్లేసిన ఆడవాళ్ళు ఆ చుట్టుపక్కల దళితవాడలవాళ్ళే. వాళ్ళ కుటుంబాల భూములు ఎటుపోయాయో మేం ఏనాడూ అడగలేదు. మనకు చవకగా వచ్చినది ఎవరి చేతిలోంచి జారిందో కూడా స్త్రీల ప్రశ్నే అని నా అభిప్రాయం.

సరిహద్దు దాటితే కులం కూడా మారిపోతుంది. సుగాలీలు మనకు ఎస్టీలు, కర్ణాటకలో ఎస్సీలు, మహారాష్ట్రలో విముక్త జాతులు. బోయలు ఆంధ్రలో బీసీలు, అక్కడ ఎస్టీలు. అయినా వలస వెళ్ళినవాళ్ళకి ఆ హోదా వెంట రాదని 1990లోనే సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. పిల్ల కాలేజీ సీటు దగ్గరికొచ్చేదాకా ఇంట్లో ఎవరికీ ఇది తట్టదు. రేషన్ కొంత నయం. కేంద్ర ఆహార భద్రతా చట్టం కింద ఉన్న కార్డయితే ఇప్పుడు ఏ రాష్ట్రంలోనైనా బియ్యం తీసుకోవచ్చు. పింఛనుకి మాత్రం మళ్ళీ మొదట్నుంచీ తిరగాలి. బస్సు ఉచితం కావాలన్నా ఆ రాష్ట్రం చిరునామా చూపించాలి. పదేళ్ళు పొదుపు కట్టిన డ్వాక్రా సంఘం ఎవరి వెంటా రాదు. మగవాడు వలస వెళితే వెనక వదిలేది పొలమూ ఇల్లూ. ఆడది వదిలేది తనకు అప్పు ఇచ్చే పదిమందిని, రాత్రిపూట తలుపు కొడితే తీసే ఇంటిని.

ఆ తలుపు లేని చోట దెబ్బలు తిన్న మనిషి ఏం చేయాలి? ఈ సంగతి మన కార్యకర్తల్లోనే చాలామందికి తెలియదు కాబట్టి చెబుతున్నాను. గృహహింస చట్టం (2005) కింద ఆమె తాత్కాలికంగా తలదాచుకున్న ఊరి కోర్టులో కూడా కేసు వేయవచ్చు. అత్తింటి వేధింపుల కేసు పుట్టింటి ఊళ్ళోనూ పెట్టవచ్చని 2019లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. 2024 జూలై నుంచి అమల్లోకొచ్చిన కొత్త చట్టం ప్రకారం “మా పరిధి కాదు” అని పోలీసు స్టేషనులో తిప్పి పంపడానికి వీల్లేదు. ఆదాయంతో పని లేకుండా స్త్రీలకు ఉచిత న్యాయసహాయం ఇవ్వాలని 1987 నుంచీ చట్టముంది. తిప్పి పంపడం మాత్రం ఆగలేదనుకోండి.

ఆమెతో చివరికి నేను చెప్పింది ఇది. సంతకం పెట్టడం నీ ఇష్టం. పసుపు కుంకుమ భూమి నీ సొంతం, అది 1956 చట్టంలోనే ఉంది. నువ్వు ఒప్పుకోకపోతే ఎవరూ అమ్మలేరు. అమ్మదలుచుకుంటే డబ్బు నీ బ్యాంకు ఖాతాలోనే పడాలి, అందులోంచే అక్కడ కట్టాలి. కొత్త దస్తావేజు, కనీసం నీ డెబ్బై సెంట్ల డబ్బుకి వచ్చినంత భూమికి, నీ ఒక్కదాని పేరునే ఉండాలి. ఆ తర్వాత పహణీలో నీ పేరు ఎక్కిందో లేదో చూసుకో. కన్నడ కాగితం ఏది ఇచ్చినా ఇంట్లోవాళ్ళు కాని మనిషితో చదివించుకో. కొనేముందు నువ్వే వెళ్ళి చూసిరా. కాలువ చివరి భూమా, నీళ్ళు ఏ నెల దాకా వస్తాయి, ఆస్పత్రి ఎంత దూరం, ఆడపిల్లకి హైస్కూలు ఉందా అని అక్కడి ఆడవాళ్ళని అడుగు. తుంగభద్ర డ్యామ్ గేటు ఒకటి 2024 ఆగస్టులో కొట్టుకుపోయింది, ఆ సంగతి కూడా అడుగు.

అంతా విని, “ఇవన్నీ అడిగితే నామీద నమ్మకం లేదా అంటాడక్కా” అంది.

అంటాడు. మా ఇంట్లో ఎవరూ ఆ మాట అనలేదు, ఎందుకంటే మేం ఎవరమూ ఏమీ అడగలేదు.

ఆమె ఇంకా సంతకం పెట్టలేదు. పోయిన వారం ఫోన్ చేసి, మరిదితో కలిసి తనూ సింధనూరు వెళ్ళి చూసొస్తానంది. నన్ను కూడా రమ్మంది. కన్నడం చదివిపెట్టడానికి.