క్రేయాన్ ముక్క



జ్ఞానాపురం లాంటి పోర్టు పక్క బస్తీల్లో అంగన్‌వాడీ పిల్లలకు స్పైడర్‌మ్యాన్ బొమ్మలిచ్చి రంగులు వేయించడం దండగ అనే వాళ్లున్నారు. నేనొప్పుకోను. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు కలిసి క్రేయాన్ పట్టడమే రేపు కలం పట్టడానికి సాధన. ముక్క పొట్టిదైతే పట్టు ఇంకా బాగా కుదురుతుంది, విరిగినవి పారేయకండి. వెడల్పాటి ఛాతీ నింపేటప్పుడు చెయ్యంతా ఊగుతుంది. కళ్ల దగ్గరికొచ్చేసరికి వేళ్లు మాత్రమే కదలాలి. ప్లేస్కూళ్లు వేలకు వేలు గుంజి నేర్పేదీ ఇదే. 1975లో మొదలైన ఐసీడీఎస్ మన పిల్లలకు గుడ్డుతో పాటు ఈ చదువు కూడా బాకీ.

నా పేచీ బొమ్మ ఎవరిదన్న దాని మీద. స్పైడర్‌మ్యాన్ ఉండనివ్వండి, పిల్లలకిష్టం. పక్కనే 1927లో మహద్ చెరువు నీళ్లు తాగుతున్న అంబేడ్కర్‌నీ పెట్టండి. 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కిన ఆదివాసీ బిడ్డ మాలావత్ పూర్ణనీ, దళిత బిడ్డ ఆనంద్ కుమార్‌నీ పెట్టండి. పూర్ణకప్పుడు 13 ఏళ్లే! పిల్లలు లేత గులాబీ క్రేయాన్‌ని ‘ఒళ్లు రంగు’ అంటారు. ఎవరి ఒళ్లు?

ఆంధ్రా యూనివర్సిటీలో బొమ్మలు గీసే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, చెయ్యి కలపండి. గీతలు లావుగా ఉండాలి. జిరాక్స్ ఖర్చు చందా వేసుకుందాం. గోధుమరంగు క్రేయాన్లు కాస్త ఎక్కువ కొందాం.