ఆకాశమునకును చట్టము కలదు

సాయంకాలము మా పాఠశాల మైదానమున బంతి యాడుచున్న బాలురు, తలమీదుగా విమానము పోవునప్పుడు ఆట మాని పైకి చూచుట మేము తఱచుగా గమనించుచుందుము. పెద్దవారైన పిదప ఏమి కాదలచితిరని యడిగినచో, విమానము నడిపెదమని పలువు రందురు. ఆ కోరిక మంచిదే. కాని, ఆ విమానము ఏ హక్కుచే మన పొలములమీదుగా పోవుచున్నది? అందలి ప్రయాణికునకు నష్టము కలిగిన బాధ్యు లెవరు? అని యడిగిన విద్యార్థి మాకింతవఱకు కానరాలేదు. ఈ ప్రశ్నలకు సమాధానము చెప్పు విద్యయే విమానయాన న్యాయశాస్త్రము. నల్లగొండ, మహబూబునగరు సీమల బిడ్డలు దీని నభ్యసింపవలెనని మా యభిప్రాయము.

పల్లెలో ఒకరి చేనిగుండ బండి తోలవలెనన్న ఆ రైతు ననుమతి యడుగుదుము. ఆకాశమందును అంతియే. 1944వ సంవత్సరము డిసెంబరు 7వ తేదీన షికాగో నగరమున 52 దేశములు ఒక ఒడంబడికపై సంతకము చేసెను. అందు భారతదేశ మొకటి. ప్రతి దేశమునకు తన భూమిమీది యాకాశమున సంపూర్ణాధికారము కలదని దాని మొదటి యధికరణము చెప్పుచున్నది. ఆ యొడంబడికవలన నేర్పడిన అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ నేడు మాంట్రియల్ నగరమున నుండి, సభ్యదేశములకు నియమముల నేర్పఱచుచున్నది.

ఇది మనకు దూరపు మాట కాదు. 1948లో సిడ్నీ కాటన్ అను ఆస్ట్రేలియా వైమానికుడు కరాచీనుండి హైదరాబాదు సంస్థానమునకు రాత్రివేళల రహస్యముగా ఆయుధములు చేరవేసెను. నల్లగొండ, మహబూబునగరు జిల్లాలు అప్పు డా సంస్థానములోనివే. పిదప ఇంగ్లండులో అతనిపై విచారణ జరిగి, 200 పౌనుల జరిమానా పడెను. శిక్ష స్వల్పమే, కాని దక్కనుపై జరిగిన తప్పునకు సముద్రముల కావల సమాధానము చెప్పుకొనవలసి వచ్చుట గమనింపదగినది.

మఱియొక యుదాహరణము మన జిల్లాలోనిదే. 2022 ఫిబ్రవరిలో నల్లగొండ జిల్లా పెద్దవూర మండలము తుంగతుర్తి యొద్ద పొలములలో శిక్షణ విమాన మొకటి కూలి, దానిని నడుపుచున్న యువతి మరణించెను. ఇట్టి ప్రమాదములపై జరుగు సాంకేతిక విచారణ యొకరిని దోషిగా నిలుపుటకు కాదనియు, అట్టి ప్రమాదము మరల జరుగకుండ చూచుటకే యనియు అంతర్జాతీయ నియమము చెప్పుచున్నది. నేరమును నిర్ణయించుట న్యాయస్థానముల పని. తప్పు నెవరిపై మోపుదుమా యని తొందరపడు మనకు ఇందు నేర్వదగిన నీతి కలదు.

ఇక మాకు మనఃక్లేశము కలిగించిన సంగతి చెప్పెదము. మా విద్యార్థి యొకని తండ్రి గల్ఫు దేశమున ఏండ్లతరబడి కూలిచేసి యింటికి వచ్చెను. విమానమున వేసిన పెట్టె పగిలి లోని వస్తువులు పాడైనవి. ఆయన ఉత్తరము వ్రాయించుకొనుటకు మాయొద్దకు వచ్చునప్పటికి రెండు నెలలు గడచినవి. మేము వ్రాసితిమి, గడువు దాటినదని ప్రత్యుత్తరము వచ్చెను. 1999 నాటి మాంట్రియల్ ఒడంబడిక ప్రకారము, సామాను చెడినచో అందుకొనిన ఏడు దినములలోను, ఆలస్యముగా చేరినచో అది చేతికందిన ఇరువదియొక్క దినములలోను వ్రాతమూలకముగా ఫిర్యాదు చేయవలెను. దావా వేయుటకు రెండేండ్లు గడువు. భారతదేశము ఈ యొడంబడికలో 2009లో చేరినది. ఆయనకు ఇది తెలియదు. బోధకులమైన మాకును తెలియదు. ఆ యజ్ఞానపు మూల్యము ఆ కూలివాడు చెల్లించెను.

మెట్టచేల బిడ్డలకు ఆకాశపు చట్టము లేల యని కొంద రనవచ్చును. విమానము నడుపుట నేర్చుటకు లక్షలకొలది రూపాయలు కావలెను. చట్టము చదువుటకు ముఖ్యముగా కావలసినవి భాషాజ్ఞానము, ఓర్పు, తర్కము. దీనికై విదేశములకే పోనక్కఱలేదు. హైదరాబాదు చెంత శామీర్‌పేటలోని నల్సారు న్యాయ విశ్వవిద్యాలయము విమానయాన చట్టమును దూరవిద్యగా కూడ బోధించుచున్నది. 1934 నాటి విమానముల చట్టమునకు బదులు భారతీయ వాయుయాన్ అధినియమము 2025 జనవరి 1వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. కావున నేర్చువారికి కొఱత లేనంత పని యున్నది.

అందఱును న్యాయవాదులు కావలెనని మేము కోరము. ప్రతి యూర నొకడైనను ఈ విద్య నెఱిగి, ప్రయాణికుని హక్కులను తెలుగున రెండు పుటలలో వ్రాసి, విమాన మెక్కబోవు వారి చేతి కిచ్చిన చాలును. తలిదండ్రులారా, మీ బిడ్డ చట్టము చదివెద ననినచో వలదనకుడు. విద్యార్థులారా, ఈసారి తలమీదుగా విమానము పోవునప్పుడు చూచి యూరకుండక, దాని నడుపు నియమ మేమని మమ్మడుగుడు. మేమును మీతోపాటు నేర్చుకొందుము.