ప్రభుత్వము తీర్పవలసిన రెండు బాకీలు

2024వ సంవత్సరము మే 19వ తేదీన, తెల్లవారకమునుపే, పుణె నగరమున ఒక విలువగల విదేశీ మోటారు ద్విచక్రవాహనమును ఢీకొనగా, దానిపై పోవుచున్న యిద్దరు యువ ఇంజనీర్లు మరణించిరి. ఇరువురును ఉద్యోగార్థము మధ్యప్రదేశమునుండి వచ్చినవారు. మోటారు నడుపుచుండెనన్న అభియోగము పదునేడేండ్ల బాలునిపై వచ్చినది. కొన్ని గంటలలోనే బాలన్యాయ మండలి యతనికి జామీను మంజూరు చేసెను. విధించిన షరతులలో ఒకటి యేమనగా, రోడ్డు ప్రమాదములను గూర్చి 300 మాటలలో ఒక వ్యాసము వ్రాయవలెనట!

దేశము మొదట నివ్వెరపోయెను, పిదప మండిపడెను. మూడు దినములకు బాలుని పరిశీలన గృహమునకు పంపిరి. జూన్ 25న బొంబాయి హైకోర్టువారు ఆ నిర్బంధము చట్టవిరుద్ధమని విడుదల చేసిరి. అతనిని వయోజనునివలె విచారింపవలెనన్న పోలీసుల ప్రార్థనను 2025 జూలైలో మండలి త్రోసిపుచ్చెను. ఈ ఘట్టములన్నిటియందును పత్రికలలోను, సభలలోను వినవచ్చిన కేక యొక్కటే: "బాలుర వయఃపరిమితిని తగ్గింపుడు, శిక్ష పెంపుడు!" ఆ కోపము అకారణమైనదని మేము చెప్పము. రెండు ప్రాణములకు మూడువందల మాటలు వెలగట్టినట్లు కనబడిన యుత్తరువును చూచి మండిపడనివాడు మనుష్యుడా? కాని యింత కోలాహలములో ఒక ప్రశ్న మాత్రము అరుదుగా వినబడెను. బిడ్డలను గోల్పోయిన గృహములకు ప్రభుత్వము ఏమి చేయవలసియున్నది? ఏమి చేయుచున్నది?

మా యభిప్రాయమున ప్రభుత్వము రెండు బాకీలు పడియున్నది. ఒకటి, నేరమువలన నష్టపడినవానికి. రెండవది, నేరము చేసిన బాలునకును, వాడు చెడిపోయినచో రేపు వానివలన నష్టపడబోవు ప్రజలకును. ఈ రెండింటిలో దేనిని తీర్పక, ఒకదానిని చూపి రెండవదానిని ఎగవేయుట మన పాలకుల నేర్పైనది. తల్లి కన్నీరు చూపి బాలుని దండింతుమందురు. దండించి, తల్లి కన్నీరు తుడిచితిమందురు. ఇది న్యాయము గాదు, బాకీదారుని మాయ.

మొదటి బాకీ యెట్లు పుట్టినదో చూతము. పగకు పగ తీర్చుకొను స్వేచ్ఛను రాజ్యము పౌరునినుండి తీసికొన్నది. అది మంచిదే, లేనిచో ఊళ్లు రణరంగములగును. కాని తీసికొన్న పిమ్మట నేరము రాజ్యముపై జరిగినదన్నారు. వ్యాజ్యము ప్రభుత్వము పేర నడిచినది. బాధితుడు తన వ్యాజ్యములో తానే యొక సాక్షియై, సమను వచ్చినప్పుడు పోయి వసారాలో నిలువబడవలసినవాడైనాడు. కోర్టువారు వేరుగ నుత్తరువు చేసిననే తప్ప జరిమానా సైతము ఖజానాకు చేరును. రక్షింతునని మాట యిచ్చి పన్ను గైకొన్నవాడు రక్షింపలేకపోయినప్పుడు నష్టపరిహార మిచ్చుట భిక్ష యగునా? అది ఋణము.

ఇది పశ్చిమదేశములనుండి దిగుమతియైన నూతన ధర్మమని యెవరైన ననుకొన్నచో పొరపాటు. చోరులు హరించిన ధనమును రాజు రాబట్టి సొంతదారున కీయవలెననియు, రాబట్టలేనిచో తన కోశమునుండి యీయవలెననియు గౌతమ ధర్మసూత్రము విధించినది. యాజ్ఞవల్క్యస్మృతియు ఆ ధనము నిచ్చు భారమును రాజుపైననే యుంచినది. దొంగ దొరకలేదను సాకు రాజునకు చెల్లదన్నమాట. ఆధునిక ప్రపంచమున న్యూజీలాండు 1963లో ఇట్టి శాసనమును చేసినది. 1964లో బ్రిటను తన పథకమును ప్రారంభించినది. ఇంతటి పూర్వధర్మము గల మన దేశమున, క్రిమినల్ ప్రొసీజరు కోడ్‌లో 357-ఏ అను విభాగము చేరి అమలునకు వచ్చుటకు 2009 డిసెంబరు 31 వరకు పట్టెను!

ఆలస్యమైనను శాసనము మంచిదే. ప్రతి రాష్ట్రమును బాధితుల పరిహార పథక మేర్పరుపవలెను. నేరస్థుడు దొరకకున్నను, విచారణ జరుగకున్నను, బాధితుడు న్యాయసేవాధికార సంస్థకు అర్జీ పెట్టుకొనవచ్చును. ఆ సంస్థ రెండు నెలలలో విచారణ ముగింపవలెను. ఈలోపల ఉచిత వైద్యమును, తాత్కాలిక సహాయమును మంజూరు చేయవచ్చును. 2024 జూలై 1నుండి అమలునకు వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 396వ విభాగము ఈ యేర్పాటునే నిలుపుకొన్నది. 397వ విభాగము ప్రకారము ఆమ్లదాడికిని, అత్యాచారమునకును గురియైనవారికి ప్రభుత్వ వైద్యశాలలేగాక ప్రైవేటు వైద్యశాలలును వెంటనే ఉచితముగ చికిత్స చేయవలెను. ఆమ్లదాడి బాధితులకు కనీసము 3 లక్షల రూపాయలు, అందు లక్ష 15 దినములలోనే ఇప్పింపవలెనని సుప్రీంకోర్టువారు 2013లో ఆదేశించిరి. అత్యాచార బాధితురాండ్రకు 4 లక్షలు మొదలు 7 లక్షలవరకు అని జాతీయ న్యాయసేవాధికార సంస్థవారి 2018 పథకము నిర్ణయించినది.

కాగితముపై ఇంతకంటె ఏమి కావలెను? కాని కాగితము అన్నము పెట్టదు. ఈ హక్కు అర్జీ పెట్టుకొన్నవానికే దక్కును. అర్జీ పెట్టవలెనని చెప్పువా డెవడు? భర్త హత్యకు గురియైన కూలిమనిషి పోలీసు స్టేషనుకు పోవును, ఆసుపత్రికి పోవును, శవపరీక్ష జరుగు గదియొద్ద కూర్చుండును. జిల్లా కోర్టు ఆవరణలో న్యాయసేవాధికార సంస్థ యను నొక కార్యాలయ మున్నదనియు, అది తన కోసమే యున్నదనియు ఆమె కెవరు చెప్పుదురు? పరిహారమును గూర్చి ప్రతి క్రిమినలు కేసులోను ఆలోచించుట కోర్టుల విధియని సుప్రీంకోర్టువారు 2013లో చెప్పవలసివచ్చెను. తాత్కాలిక పరిహారమును గూర్చి 2014లో మరల చెప్పవలసివచ్చెను. ఉన్న శాసనమును జ్ఞప్తికి దెచ్చుటకే దేశపు అత్యున్నత న్యాయస్థానము ఇన్నిమార్లు నోరు తెరువవలసివచ్చినదన్నచో, తాలూకా కోర్టులలో దాని గతి యేమో పాఠకులే యూహింపవచ్చును.

ఇక రెండవ బాకీ. భారతము చదివినవారికి మాండవ్యుని కథ తెలియును. దొంగలు తన యాశ్రమమున సొత్తు దాచినందుకు, మౌనవ్రతమందున్న ఆ ముని నిరపరాధియయ్యు రాజభటులచే కొఱత వేయబడెను. ఇంతటి బాధ నాకేల కలిగెనని యడుగగా, నీవు బాల్యమున పురుగులను పుల్లలతో గ్రుచ్చితివని యముడు బదులు చెప్పెను. తెలియని వయస్సున చేసినదానికి ఇంత శిక్షయా యని మాండవ్యుడు యముని శపించి, పదునాలుగేండ్లవరకు బాలుడు చేసినది పాతకము గాదని మర్యాద నేర్పరచెను. ధర్మరాజను బిరుదు గలవాడు సైతము బాలుని పెద్దవానివలె దండించి శాపముపాలైనాడు! ఆ కథలో మరియొక సంగతి యున్నది. దొంగతనము వేరొకడు చేసెను, కొఱత వేరొకడెక్కెను. విచారింపక దండించు రాజ్యము కొత్త బాధితునే తయారుచేయునన్నది దాని నీతి.

మన ఆంధ్ర జిల్లాలు మద్రాసు రాజధానిలో చేరియుండిన కాలముననే, 1920లో, మద్రాసు బాలల శాసనము పుట్టినది; ఇట్టివానిలో దేశమున అదియే మొదటిది. పెద్ద ఖైదీలతోడి సహవాసము బాలునకు నేరవిద్యాభ్యాసమగునని ఆనాటి పరప్రభుత్వమే గ్రహించినది. స్వతంత్ర భారతము 1986లో దేశమంతటికి ఒక శాసనము చేసెను. 2000లో బాలురకును పరిమితిని 18 ఏండ్లకు పెంచెను. 2012 డిసెంబరున ఢిల్లీలో జరిగిన ఘోరకృత్యము పిమ్మట ఆ వయస్సును తగ్గింపవలెనన్న కేక లేచినది. జస్టిస్ వర్మగారి సంఘము 2013 జనవరిలో నివేదిక నిచ్చుచు, అట్లు తగ్గించుటకు సమ్మతింపలేదు. ఐనను 2015లో శాసనము మారినది. 16 ఏండ్లు నిండి 18 నిండనివారు ఘోరనేరము చేసిరన్న ఆరోపణ వచ్చినచో, వారి మనఃస్థితిని, తెలివిని, పరిస్థితులను పరీక్షించి పెద్దవారివలె విచారించుటకు త్రోవ యేర్పడినది.

కావున "పదునేడేండ్లవానికి తెలియదా?" యని యడుగువారికి మా సమాధానము: తెలిసినవానిని పరీక్షించు ద్వారము చట్టములో 2016 జనవరి 15నుండియే తెరచియున్నది. ఇంకను ఏ తలుపు పగులగొట్టమందురు? 2022లో దేశమున పోలీసులు నమోదుచేసిన నేరములు 58 లక్షలకు పైబడినవని జాతీయ క్రైమ్ రికార్డుల బ్యూరో చెప్పుచున్నది. అందు బాలురపై నమోదైనవి సుమారు 30,500. నూటికి ఒకటికంటె తక్కువ. బాలురనందరను చెరసాలలో నింపినను మిగిలిన నూటికి తొంబదితొమ్మిదిమంది బాధితులకు ఒరుగున దేమి?

లోపము వయస్సులో లేదు, పనిలో నున్నది. పట్టుబడిన బాలుని 24 గంటలలో మండలియెదుట నిలుపవలెను; లాకప్పులో నుంచరాదు. ప్రొబేషను అధికారి వాని యిల్లు, బడి, స్నేహములు విచారించి నివేదిక యీయవలెను. నాలుగు నెలలలో విచారణ ముగియవలెను. మండలి కోరినచో హితోపదేశమునకు పంపవచ్చును, సమాజసేవ చేయింపవచ్చును, తలిదండ్రులకు జరిమానా వేయవచ్చును, మూడేండ్లవరకు ప్రత్యేక గృహమున నుంచవచ్చును. ఇన్ని సాధనములు చేతనుంచుకొని వ్యాసరచనతో తృప్తిపడిన మండలిని చూచి, సాధనములే చాలవనుట వింత గాదా? మందు చేతనుండియు వైద్యుడు వాడకపోయినచో రోగిని చంపుమందురా?

మరియు, పిల్లవానికి మోటారు తాళపుచెవి యిచ్చిన పెద్దల మాట యేమి? 2019లో సవరింపబడిన మోటారు వాహనముల చట్టము, బాలుడు వాహనముతో నేరము చేసినచో సంరక్షకునకును, వాహనపు యజమానికిని మూడేండ్లవరకు ఖైదు, 25,000 రూపాయల జరిమానా విధించుచున్నది. పుణె వ్యవహారమున రక్తపు నమూనాలను మార్పించిరన్న అభియోగముపై తలిదండ్రులను, వైద్యులను నిర్బంధించిరి. ఆ యభియోగము నిజమో కాదో కోర్టులు తేల్చును. కాని ఒక్కటి మాత్రము స్పష్టము. ధనికుల బాలునకు రక్షణ బాలన్యాయ శాసనము మాత్రమే గాదు. పలుకుబడి, పేరుపొందిన న్యాయవాదులు, మంచి యిల్లు. వయస్సు తగ్గించినచో వీ రెవరును అతనిని విడిచిపోరు. విడిచిపోవుటకే యెవరును లేని రైలుస్టేషను కుఱ్ఱవాడు, సెల్‌ఫోను దొంగిలించిన మురికివాడ పిల్లవాడు, ఆ కొత్త కత్తికి మెడ యొగ్గవలసివచ్చును.

"బిడ్డ పోయినచోట డబ్బు బిడ్డను తెచ్చునా?" యని తల్లి యడుగును. తేదు. కఠినశిక్షయు తేదు. కాని మందుల ఖర్చు, ఇంటి అద్దె, మిగిలిన పిల్లల చదువు, కోర్టుకు పోవు రానుపోను ఖర్చులు - వీనిని శిక్ష యెన్నడును తీర్పదు. ఆ బాలుడు తాను చేసిన దేమో తెలిసికొని మారుటయు శిక్ష పొడవుతో రాదు. ఐక్యరాజ్యసమితి 1985 నవంబరు 29వ తేదీననే, ఒకే దినమున, ఒకదానివెంట నొకటిగ రెండు తీర్మానములు చేసినది. ఒకటి బాలన్యాయమును గూర్చి, రెండవది నేరబాధితుల న్యాయమును గూర్చి. ఆ రెండింటికి వైర మున్నదని ఆ సభలో తోచలేదు. మన రాజకీయవేదికలపై మాత్రము తోచుచున్నది. ఏల? రెండు బాకీలు తీర్చుటకు ధనము కావలెను, మనుష్యులు కావలెను. కఠినశాసనమునకు గజెటులో కొన్ని పుటలు చాలును. చప్పట్లు ఉచితముగ లభించును.

మేము కోరునవి గగనకుసుమములు గావు. ఎఫ్.ఐ.ఆర్. నకలుతోపాటు పరిహారపు అర్జీ తెలుగులో అచ్చువేసి ప్రతి పోలీసు స్టేషనులోను బాధితుని చేతికీయవలెను. ఘోరనేరములలో తాత్కాలిక సహాయమును బాధితు డడుగకమునుపే మంజూరు చేయవలెను. రెండు నెలల గడువు మీరిన అర్జీలపట్టికను జిల్లాలవారీగ ప్రకటింపవలెను. బాలన్యాయ మండలులలోను, ప్రొబేషను శాఖలోను ఖాళీ యేర్పడినచో ఆ సంగతి బహిరంగపరచి గడువులోపల నింపవలెను. బాలుని తలిదండ్రులనుండి వసూలైన జరిమానా ఖజానాలో నిద్రింపక బాధితునకు చేరవలెను.

పాఠకమహాశయులకును ఒక విన్నపము. ఈ వ్యాసము చదివి పఠనమందిరపు బల్లపై పెట్టి పోకుడు. మీ జిల్లా న్యాయసేవాధికార సంస్థకు సమాచారహక్కు చట్టము క్రింద ఒక లేఖ వ్రాయుడు. గతవత్సరము ఎన్ని అర్జీలు వచ్చినవి? ఎన్ని మంజూరైనవి? ఎందరి చేతికి సొమ్ము ముట్టినది? బాలన్యాయ మండలిలో నాలుగు నెలలు దాటిన కేసు లెన్ని? ఈ నాలుగు ప్రశ్నలకు జవాబు తెప్పించి మందిరపు గోడపై అంటింపుడు. వచ్చు ఎన్నికలలో శిక్షలు పెంతుమని వచ్చు నాయకునికి ఆ కాగితమును చూపి, ముందు పాత బాకీ తీర్పుమని యడుగుడు. జవాబు చెప్పగలిగినవానికే మీ చప్పట్లు.