డైవ్‌కు తెలుగేమిటి?

డైవ్ అనే ఇంగ్లీషు మాటకు తెలుగు చెప్పమంటే మన పిల్లల్లో చాలామంది 'దూకడం' అంటారు. తప్పేమీ లేదు. కానీ బుడుబుంగ చెరువులో దూకదు, మునుగుతుంది. జలాంతర్గామీ అంతే. గద్ద రివ్వున దిగి కోడిపిల్లను తన్నుకుపోతుంది. షేర్ల ధరలు దూకవు, మునగవు, కుప్పకూలుతాయి. బంతిని ఆపడానికి గోల్‌కీపర్ పక్కకు దూకుతాడు. ఎవరూ తాకకుండానే పెనాల్టీ కోసం కిందపడి దొర్లే ఆటగాడు చేసేదీ ఇంగ్లీషులో డైవే. రిఫరీ పసిగడితే పసుపు కార్డు చూపిస్తాడు. మనవాళ్లయితే దాన్ని దొంగ నాటకం అంటారు. అమెరికాలో నాసిరకం మద్యం దుకాణానికీ ఇదే పేరు. బడి పత్రికలో అంతకు మించి వద్దు!

ఆ మాటకు భూతకాలం కూడా ఒక్కటి కాదు. బ్రిటన్‌లో 'డైవ్‌డ్' అంటే, అమెరికాలో చాలామంది 'డోవ్' అంటారు. ఈ రెండోదాన్ని ఇంగ్లీషులో రాస్తే అవే అక్షరాలు పావురం అవుతాయి.

ఇంగ్లీషు ఒక్క మాటతో ఇన్ని పనులు చేయించుకుంటుందని మేము దాన్ని తక్కువ చేయడం లేదు. మన 'మునుగు' కూడా అలాంటి పనిమంతురాలే. పుష్కరాల్లో మూడు మునకలు వేస్తాం. అప్పుల్లో మునుగుతాం, పనిలో మునుగుతాం, ఆలోచనలో మునుగుతాం. ఆలస్యమైతే 'ఇప్పుడేం కొంప మునిగింది?' అంటాం. నీట మునిగిన వారిని వెతికి తీసేవారిని మన దినపత్రికలు 'గజ ఈతగాళ్లు' అని రాస్తాయి. డైవర్ అన్న మాటకు ఇంతకంటే నిండైన తెలుగు మాకు కనబడలేదు. ఈ మాట మన తరగతి గదుల్లో వినబడదు. సూరత్‌లో పెరిగే పిల్లవాడికి హిందీ 'గోతాఖోర్' తెలుసు, గుజరాతీ 'డూబ్‌కీ' తెలుసు. ఉత్తరాయణం నాడు గాలిపటం తలకిందులై జారితే 'గోథ్' తిన్నదనడమూ తెలుసు. గజ ఈతగాడు మాత్రం తెలియదు.

బదిలీల మీద బదిలీలతో నాలుగు రాష్ట్రాలు తిరిగిన మాకు ఇది కొత్త సంగతి కాదు. అయితే సూరత్ సంగతి వేరు. ఇక్కడ తెలుగు మనతో పాటు బదిలీ మీద వచ్చింది కాదు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపు నుంచి పద్మశాలీలు మగ్గాల పని వెతుక్కుంటూ వచ్చి తరాలు గడిచాయి. లింబాయత్ వీధుల్లో నడిస్తే తెలుగు మాటలు చెవినపడతాయి. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలోనూ బడులు నడిపింది. హజీరా, కవాస్ వైపు ఉద్యోగాలకు వచ్చిన మనలాంటి వాళ్లం వాళ్ల తర్వాత చేరిన చుట్టాలం.

2006 ఆగస్టులో ఉకాయి జలాశయం నుంచి వదిలిన నీటితో తాపీ నది ఒడ్డు దాటి నగరంలో చాలా భాగాన్ని ముంచేసింది. ఆ రోజుల మాట ఎత్తితే పెద్దలు 'సామాన్లన్నీ మునిగినయ్' అంటారు. మనవడు అదే మాట తెలుగు వ్యాసంలో రాస్తే ఎర్ర సిరా దాన్ని 'మునిగాయి' అని దిద్దుతుంది. శ్రీకాకుళం పిల్ల 'ములిగిపోయింది' అని రాస్తే దానికీ అదే గతి. పరీక్షలో పాఠ్యపుస్తకం రూపమే రాయాలి, కాదనం. కానీ ఇంటి మాట కొట్టేసి పుస్తకం మాట రాయడం వేరు, ఇంటి మాట పక్కన పుస్తకం మాట రాయడం వేరు. మొదటి పద్ధతిలో పిల్లవాడు నేర్చుకునేది వాళ్ల నాయనమ్మకు తెలుగు రాదని. ఆ తర్వాత ఆమెతో హిందీలో మాట్లాడడం మొదలుపెడతాడు. వారానికి మూడు పీరియడ్లు తెలుగు చెప్పి మనం మళ్లీ దాన్ని కూడబెట్టలేం.

'అతడు పుస్తకాల్లోకి దూకాడు' అని అనువాదం రాసే పిల్లలకు తెలుగు రాదని మేము అనుకోము. సెలవు రోజు పుస్తకం పట్టుకుని కూర్చుంటే వాళ్లమ్మ 'ఒరేయ్, ఎంతసేపు అందులో మునిగిపోతావురా, అన్నానికి రా' అని కేకేసే ఉంటుంది. ఆ మాటకు నోటుపుస్తకంలో చోటుందని వాడికి ఎవరూ చెప్పలేదు. అందుకే తల్లిదండ్రులకు ఒక మనవి. ఇంగ్లీషు మాటకు తెలుగేమిటని పిల్లలు అడిగితే ఫోను చేతికివ్వకండి. ఆ మాట ఏ వాక్యంలో ఉందో చదివించి, అలాంటప్పుడు మీ ఊళ్లో ఏమంటారో చెప్పండి. తోటి ఉపాధ్యాయులకూ ఒక సూచన. ఈ ఏడాది నోటుపుస్తకాల్లో కుడివైపు అంచు ఖాళీగా ఉంచమనండి. అక్కడ ఇంటి మాట ఉంటుంది, దాని మీద ఎర్ర సిరా పడదు. మా ఏడో తరగతిలో మొదలుపెట్టాం. మొదటి వారంలోనే ఒక అంచులో 'బుడుంగున' చేరింది. ఇంగ్లీషులో దాన్ని ఏమంటారో ఆ పిల్లే ఇంకా వెతుకుతోంది.