చేప చావలేదని నీరు బాగున్నట్టా?

వేసవిలో కాలువలు కట్టేసినప్పుడో, కొల్లేరులో నీరు అడుగంటినప్పుడో చేపలు తెల్లగా తేలితే అది వార్త. అధికారులు వస్తారు, సీసాల్లో నీళ్లు పడతారు, ఆక్సిజన్ పడిపోయిందని చెబుతారు. చాలాసార్లు అది నిజమే. కానీ చావకుండా ఈదుతున్న చేప సంగతి ఎవరూ అడగరు. లోహ కాలుష్యం ఎక్కువగా పనిచేసేది ఆ చేప మీదే.

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి నీటిని వినియోగాన్ని బట్టి ‘ఎ’ నుంచి ‘ఇ’ వరకు ఐదు తరగతులుగా విడగొట్టింది. చేపలకు, వన్యప్రాణులకు పనికొచ్చేది ‘డి’ తరగతి. దానికి అర్హత మూడు అంకెలే. పీహెచ్ 6.5 నుంచి 8.5 మధ్య ఉండాలి. కరిగిన ఆక్సిజన్ లీటరుకు 4 మిల్లీగ్రాములకు తగ్గకూడదు. అమ్మోనియా 1.2 మిల్లీగ్రాములు దాటకూడదు. సీసం, కాడ్మియం, క్రోమియం ఊసే లేదు. మనం తాగే నీటిలోనైతే సీసం 0.01, కాడ్మియం 0.003 మిల్లీగ్రాములు మించరాదని భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) ప్రమాణం ఉంది. పుట్టింది మొదలు ఆ నీటినే మొప్పల గుండా పంపుకుని బతికే ప్రాణికి మాత్రం ఈ వర్గీకరణలో లోహాల హద్దే లేదు!

ఆ ప్రాణి లోపల జరిగేది చిన్న విషయం కాదు. హెక్సావలెంట్ క్రోమియం సల్ఫేట్ రూపాన్ని పోలి ఉంటుంది కాబట్టి కణం దాన్ని గుర్తుపట్టలేక లోపలికి రానిస్తుంది. లోపల అది మారుతున్న క్రమంలో డీఎన్‌ఏకు అతుక్కుంటుంది, తెంపుతుంది. కాడ్మియం దారి వేరు. డీఎన్‌ఏలో పడిన తప్పులను సరిదిద్దే ప్రోటీన్లనే అది పనిచేయనివ్వదు. రెండూ కలిసిన చోట ఒకటి గాయం చేస్తే ఇంకొకటి మాననివ్వకపోవచ్చు. ఏ ఒక్క లోహమూ హద్దు దాటలేదన్న నివేదికతో నిశ్చింతగా ఉండలేకపోవడానికి కారణమిదే.

కృష్ణా డెల్టాలో ఈ లోహాలు ఎక్కణ్నుంచి వస్తాయి? బ్యాటరీలు, రంగులు, లోహపు పూతలతో పనిచేసే వర్క్‌షాపుల నుంచి, బొగ్గు బూడిద నుంచి, నగరపు మురుగు నుంచి రావచ్చు. ఎవరి వాటా ఎంతో పరీక్షే తేల్చాలి. దారి మాత్రం తెలిసిందే. బుడమేరు విజయవాడను ఒరుసుకుంటూ వెళ్లి కొల్లేరులో కలుస్తుంది. 2024 సెప్టెంబరులో దాని వరదకు నగరంలోని సింగ్‌నగర్ మునిగాక బుడమేరు గట్లు, గండ్లు, ఆక్రమణల గురించి రాష్ట్రమంతా మాట్లాడింది. అందులో పారే నీటి గుణం గురించి అంత చర్చ జరగలేదు. కొల్లేరు అడుగు మట్టిలోని లోహాలు మనం తినే చేపల్లోకి చేరే తీరుపై 2004లోనే ‘ఎన్విరాన్‌మెంట్ ఇంటర్నేషనల్’ పత్రికలో పరిశోధన వెలువడింది. లోహం కుళ్లిపోయేది కాదు, బురదలో ఉండిపోతుంది. బురదను నమ్ముకుని బతికే మట్టగిడస, ఇంగిలాయి, మార్పు చేపలకు దాన్ని తప్పించుకునే దారి లేదు.

అయితే ఆ చేపల దగ్గరే మనకు కావలసిన సాక్ష్యం కూడా ఉంది. మన ఎర్ర రక్తకణాల్లో కేంద్రకం ఉండదు, చేపకు ఉంటుంది. కణం చీలేటప్పుడు తెగిన క్రోమోజోమ్ ముక్క కొత్త కేంద్రకంలో చేరలేక పక్కన చుక్కలా మిగిలిపోతుంది. దాన్నే మైక్రోన్యూక్లియస్ అంటారు. చుక్క రక్తాన్ని గాజుపలకపై పరిచి, రంగు వేసి, వేల కణాల్లో అలాంటివి ఎన్నో లెక్కపెట్టడమే పరీక్ష. మంచి మైక్రోస్కోపు, ఓపిక ఉంటే డిగ్రీ కాలేజీ జువాలజీ ల్యాబులోనూ చేయొచ్చు. మట్టగిడసపై ఇలాంటి పరీక్షలు మన దేశంలో ఎన్నో జరిగాయి. సీసాలో పట్టిన నీరు ఆ క్షణం సంగతే చెబుతుంది. రాత్రి వదిలిన వ్యర్థం తెల్లారేసరికి కిందికి పోతుంది. దెబ్బతిన్న రక్తకణం మాత్రం రోజుల తరబడి చేప ఒంట్లోనే తిరుగుతుంటుంది.

ఇక్కడ పాఠకులకు ఒక మాట చెప్పాలి. డీఎన్‌ఏ తెగిన చేపను తింటే మన జన్యువులు మారిపోవు, అది కడుపులో జీర్ణమైపోతుంది. మనకు ముప్పు కండలో చేరిన లోహంతోనే. కాకపోతే చాలా లోహాలు కండలో కన్నా మొప్పల్లో, కాలేయంలో, మూత్రపిండాల్లో ఎక్కువగా పేరుకుంటాయి. కాబట్టి కండ పరీక్షలో నెగ్గిన చేప వచ్చిన నీరు కూడా మంచిదని అనుకోవడానికి లేదు. ఈ తేడా చెప్పకుండా భయపెడితే నష్టపోయేది చెరువు రైతు, వలవేసి బతికే కొల్లేరు వడ్డి కులస్తులు.

ఈ పరీక్షకూ పరిమితులున్నాయి. మైక్రోన్యూక్లియస్ చూసి అది క్రోమియం పనో, పొలాల్లో కొట్టిన పురుగుమందు పనో చెప్పలేం. అందుకే లోహాల కొలతా పక్కనే జరగాలి. పోల్చి చూడటానికి శుభ్రమైన చోటి చేప కావాలి. ఎగువన పులిచింతలకు వెళ్దామంటే, దానికీ పైనే వాడపల్లి దగ్గర హైదరాబాద్ మురుగును మోసుకొచ్చే మూసీ కృష్ణలో కలుస్తోంది. పరీక్షించిన శుభ్రమైన నీటిలో పెంచిన చేపలనే ప్రమాణంగా పెట్టుకోవాలి.

‘డి’ తరగతిలో లోహాలను చేర్చాలని రాష్ట్రం కేంద్ర మండలిని అడగాలి. అది తేలేదాకా ఆగనక్కర్లేదు. బుడమేరు, బందరు, ఏలూరు, రైవస్ కాలువలు, కొల్లేరుల్లో ఏటా రెండుసార్లు, కాలువలు కట్టేముందు, వదిలాక, మట్టగిడస రక్తాన్ని పరీక్షించి ఫలితాలు బయటపెట్టాలి. 1999లో అభయారణ్యంగా, 2002లో రామ్‌సర్ చిత్తడినేలగా గుర్తింపు పొందిన సరస్సుకు ఇదేమీ పెద్ద కోరిక కాదు. రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి కార్యాలయం విజయవాడలోనే ఉంది. నాగార్జున విశ్వవిద్యాలయం కృష్ణ దాటితే వస్తుంది. వచ్చే వేసవిలో కాలువలు కట్టకముందే మొదటి నమూనా తీయొచ్చు.