పట్టూ విడుపూ

"పట్టు" అన్న మాట మన భాషలో ఎన్ని పనులు చేస్తుందో చూడండి. పిల్లలు పట్టు పడతారు. పెద్దలు పట్టు సడలిస్తారు. పెళ్లికి పట్టు కొంటాం. కాలికి దెబ్బ తగిలితే పట్టు వేస్తాం. దాని పక్కన "విడుపు" చేర్చి, "పట్టూ విడుపూ ఉండాలోయ్" అన్నామంటే సంసారం దగ్గర్నించి సర్కారు దాకా అందరికీ పనికొచ్చే హితవు అవుతుంది. ఈ వారం ఆ జంటపదాన్ని పట్టుకుని ఒక ఆటలోకి వెళదాం. క్రికెట్టు కాదు లెండి. సాఫ్ట్‌బాల్.

పేరు చూసి మెత్తటి బంతి అనుకునేరు! 12 అంగుళాల చుట్టుకొలత గల గట్టి బంతే. దాన్ని విసిరే మనిషిని పిచ్చరు అంటారు. చేతిని గాలిమర రెక్కలా ఒక చుట్టు తిప్పి, కిందనించి వదలాలి. అమెరికా హైస్కూళ్లలో ఆడపిల్లలు ఆడేటప్పుడు విసిరే చోటికీ, కొట్టే చోటికీ నడుమ 43 అడుగులు. గంటకు 60 మైళ్ల వేగంతో వచ్చే బంతి ఆ దూరాన్ని అర సెకనులో దాటేస్తుంది. ఎదుట నిలబడ్డ పిల్లకు తప్పుకోవడానికి ఉన్న వ్యవధి అంతే.

విసరడమంటే మరేమీ కాదు, పట్టూ విడుపూనే. వేళ్లు బంతి కుట్టుమీద పట్టాలి. సరైన క్షణంలో విడవాలి. వెంట్రుకవాసి తేడా వస్తే మోకాళ్ల ఎత్తున పోవలసిన బంతి మొహంమీదికి పోతుంది.

చిత్రమేమిటంటే, ఈ ఆట చలి మూలంగా ఇంట్లో పుట్టింది. 1887 నవంబరులో షికాగో నగరంలో ఒక పడవల క్లబ్బులో కొందరు కుర్రవాళ్లు కూర్చుని ఉండగా, ఒకాయన ముష్టియుద్ధపు తొడుగు విసిరాడట. ఇంకొకడు కర్రతో దాన్ని తిరగ్గొట్టాడట. అది చూసి జార్జి హాన్‌కాక్ అనే ఆయన చలికాలంలో నాలుగ్గోడల మధ్య ఆడుకునే బేస్‌బాల్‌గా దీన్ని తీర్చిదిద్దాడు. తరవాత ఆట ఆరుబయటికి వచ్చింది. చలి మాత్రం అక్కడే కాచుకుని ఉంది. ఆ దేశపు ఉత్తరాది బళ్లలో పోటీలు మార్చి, ఏప్రిల్ నెలల్లో మొదలవుతాయి. మనకు ఆవకాయ కాయలు దిగే రోజులు. వాళ్లకు మంచు ఇంకా పూర్తిగా కరగని రోజులు. వేళ్లు కొంకర్లు పోతాయి. చర్మం ఎండిపోయి బంతి సబ్బుబిళ్లలా జారుతుంది.

మరి నిబంధన ఏమంటుంది? బంతికి పరాయి పదార్థం ఏదీ రాయకూడదంటుంది. చెయ్యి ఆరబెట్టుకోవడానికి, అంపైరు కనుసన్నల్లో, రోజిన్ పొడి మాత్రం వాడుకోవచ్చు. వేళ్లు నాలికతో తడి చేసుకుంటే బంతిని ముట్టుకునే ముందు తుడుచుకుని తీరాలి. రోజిన్ అంటే పైన్ చెట్టు బంకనించి తీసిన గట్టి పదార్థం. ఫిడేలు విద్వాంసులు కచేరీకి ముందు కమానుకు రుద్దుకునేది అదే. దాని గుణం ఒకటుంది: కాస్త చెమట తగిలితేనే జిగురుగా మారుతుంది. అంటే అది ఎండకు రాసిన మందు. చలిలో చెమట ఏదీ?

ఈ చిక్కు నాదాకా ఎలా వచ్చిందంటే, మా తమ్ముడు మిన్నెసోటా రాష్ట్రంలో కాపురం. వాడి కూతురు అక్కడి హైస్కూలు జట్టులో పిచ్చరు. ఒక ఏప్రిల్‌లో ఫోను చేసింది.

"పెద్దనాన్నా, నిన్న బంతి జారి అవతలి అమ్మాయి చెవి పక్కనించి పోయింది. మొహానికి ఊచల టోపీ ఉందనుకో. అయినా మళ్లీ విసరాలంటే నాకు భయంగా ఉంది."

"రోజిన్ ఉందిగదమ్మా?"

"విబూది పూసుకున్నట్టు పొడిపొడిగా ఉంటుంది. మా జట్టులో ఒకమ్మాయి జిగురు తెచ్చి నడుంపట్టీ లోపల రాసుకోమంటోంది. ఎవరికీ దెబ్బ తగలకుండా ఉండటానికేగా! తప్పేమిటి?"

ప్రశ్న చిన్నది కాదు. పదేళ్లు పైబడిన ఒక పెద్ద కేసు ఇదే ప్రశ్నమీద నడిచింది. 2014 ఏప్రిల్ 23 రాత్రి, బోస్టన్ నగరంలో, న్యూయార్కు యాంకీస్ జట్టు పిచ్చరు మైకేల్ పినేడా వృత్తి బేస్‌బాల్ ఆడుతున్నాడు. మొదటి విడతలో బంతి మాట వినలేదు. రెండో విడతకు వచ్చేసరికి మెడమీద నిగనిగలాడే మరక ఒకటి కనబడింది. గుమ్మడికాయల దొంగను భుజాలే పట్టిస్తాయంటారు. ఇతణ్ణి మెడ పట్టించింది. అంపైరు వేలితో తడిమి చూస్తే పైన్ తారు! ఆటనించి పంపేశారు, పది ఆటల నిషేధం వేశారు. చలికి బంతి చేతికి తెలియలేదనీ, ఎవరికీ తగలకూడదనే రాసుకున్నాననీ అతను చెప్పుకున్నాడు.

నేను ఆ మాట నమ్ముతాను. చలి నిజం, భయం నిజం. కాని అదే తారు బ్యాటు పట్టినవాడు పిడినించి 18 అంగుళాల దాకా బాహాటంగా రాసుకోవచ్చు. పిచ్చరుకు ఎందుకు కూడదంటే, పట్టుకు పనికొచ్చే జిగురే బంతిని విపరీతంగా తిప్పడానికీ పనికొస్తుంది. బంతి మెలి తిరిగితే కొట్టేవాడికి అందదు. "భయంకొద్దీ రాసుకున్నాను" అన్నవాడికీ, "గెలుపుకోసం రాసుకున్నాను" అన్నవాడికీ తేడా మనసులో ఉంటుందిగాని మెడమీద ఉండదు. అంపైరు మెడనే చూడగలడు. మన చెడుగుడులో ఒంటికి నూనె రాసుకుని రాకూడదన్నదీ ఇలాంటిదే. అక్కడ జారుడు తప్పు, ఇక్కడ జిగురు తప్పు.

అయితే నిబంధన రాసినవాళ్లకు చలి తెలియదా? తెలుసు. అమెరికా వృత్తి బేస్‌బాల్‌లో ఉమ్మితో తడిపిన బంతిని 1920లో నిషేధించారు. మనకు ఎంగిలి ఆచారం, వాళ్లకు ఎంగిలి నిబంధన! అప్పటికే ఆ విద్యమీద బతుకుతున్న 17 మందిని మాత్రం ఆట మానేవరకూ వదిలేశారు. వాళ్లలో చివరివాడు 1934 దాకా ఆడాడు. నోటికి చెయ్యి తగిలితే తుడుచుకోవాలన్న నియమానికి పక్కనే ఇంకో వాక్యం ఉంది: చలిరోజున, రెండు జట్ల మేనేజర్లూ ఒప్పుకుంటే, ఆట మొదలుకాక ముందే అంపైరు అనుమతిస్తే, పిచ్చరు తన చేతిమీద ఊదుకోవచ్చు.

ఊపిరి ఊదుకోవడానికి కూడా ముగ్గురి అంగీకారమా అని మొదట నవ్వొచ్చింది. తరవాత ఆలోచిస్తే, ఎంత మంచి వాక్యం! అవసరాన్ని కాదనలేదు, చాటుతనాన్ని కాదంది. ముందు అడుగు, అందరిముందూ అడుగు, అవతలివాడికీ అదే వీలు ఇయ్యి. మా పరీక్ష హాల్లో లాగరిథమ్ పట్టిక బల్లమీదే పెడతాం. చొక్కా చేతిలో దాచిన చీటీని పట్టుకుంటాం. రెండూ లెక్కకు సాయపడేవే. ఒకటి అందరికీ తెలిసిన సాయం, రెండోది ఒక్కడికే తెలిసిన సాయం.

మా అమ్మాయికి అదే చెప్పాను: "జిగురు వద్దు. భయం మాత్రం దాచకు. ఆట మొదలుకాక ముందే మీ కోచికి చెప్పు. ఏది పనికొస్తుందో అంపైరును అడగమను." అడిగారట. విడతకూ విడతకూ మధ్య బెంచీమీద చేతులు వెచ్చచేసుకోమన్నారు. వేళ్లు తడిచేసుకుని, ఎదురుగా తుడుచుకుని, మిగిలిన ఆ కాస్త చెమ్మమీద రోజిన్ అద్దుకోమన్నారు. ఆ రోజు వాళ్ల జట్టు ఓడిపోయిందిగాని బంతి ఎవరి చెవి పక్కకూ పోలేదు.

విడుపు లేని నిబంధన మనిషిని దొంగను చేస్తుంది. పట్టు లేని నిబంధన దొంగను మొనగాణ్ణి చేస్తుంది. చలి వేసినవాడు నోరు తెరిచి అడగగలిగేలా ఉన్నదే మంచి నిబంధన. మన ఇళ్లలో పిల్లలకు పెట్టే కట్టుబాట్లలో అలా అడిగే చోటు ఎక్కడుందో, ఒకసారి మనమూ వెతుక్కుంటే మంచిది.