డ్రోను ఒక్కటి కొంటే చాలదు

సంక్రాంతి సెలవుల్లో గాలిపటాలు ఎగిరిన చేలగట్ల మీదనే ఇప్పుడు డ్రోన్లు లేస్తున్నాయి. పట్నంలో ఉద్యోగం చేస్తున్న కొడుకు పండుగకు వస్తూ తెచ్చినది ఒకటైతే, ఇంటరు చదివే కుర్రవాడు తండ్రిని వేధించి కొనిపించుకున్నది మరొకటి. ఈ సరదాను తప్పుపట్టవలసిన పనిలేదు. తమ చెరువును, తమ పొలాన్ని పైనుంచి చూసుకోవాలని ఎవరికి ఉండదు? అయితే యంత్రానికి వేలకు వేలు పోస్తున్నవారికి, దానితోపాటు ఉండవలసిన చిన్న సామాను కొనడానికి మాత్రం చేతులు రావడం లేదు. అమ్మేవారూ చెప్పడం లేదు.

మొట్టమొదట చెప్పుకోవలసినది రెక్కల గార్డుల గురించి. డ్రోను రెక్కలు నిమిషానికి వేల చుట్లు తిరుగుతాయి. ఊళ్లో డ్రోను లేచిందంటే పిల్లలు దాని కిందకే పరుగెత్తుతారు, దిగుతుంటే పట్టుకోబోతారు. వేలు తెగడానికి, కన్ను పోవడానికి క్షణం చాలు. చుట్టూ ప్లాస్టిక్ గార్డు ఉంటే ఆ ముప్పు చాలావరకు తప్పుతుంది. గార్డు బిగిస్తే గాలికి ఊగుతుందనీ, బ్యాటరీ త్వరగా అయిపోతుందనీ కుర్రవాళ్లు అంటారు. అది నిజమే. మనిషి లేని బీడులో తీసివేయవచ్చు. జనం ఉన్నచోట తీయరాదు.

ఇక్కడ ఒక విడ్డూరం ఉన్నది. 2021 డ్రోన్ల నిబంధనల ప్రకారం 250 గ్రాముల వరకు నానో, ఆపైన రెండు కిలోల వరకు మైక్రో. 249 గ్రాముల డ్రోనుకు గార్డులు తగిలిస్తే బరువు 250 దాటి పై తరగతిలో పడుతుంది. నానోకు అక్కరలేని థర్డ్ పార్టీ బీమా అప్పుడు కావలసి వస్తుంది. పక్కవాని కన్ను కాపాడే ప్లాస్టిక్ ముక్కను బరువు లెక్కలోనుంచి మినహాయించే విషయం కేంద్రం ఆలోచించాలి.

బ్యాటరీల సంగతి ఇంకా జాగ్రత్తగా చూడవలసినది. ఇవి లిథియం బ్యాటరీలు. దెబ్బతిన్నా, ఉబ్బినా, అతిగా ఛార్జి అయినా అంటుకుంటాయి, ఆ మంట ఒక పట్టాన ఆరదు. వీటిని పెట్టడానికి మంటకు తట్టుకునే సంచులు దొరుకుతాయి. అవి కొనకుండా తాటాకు పంచలో ఛార్జింగు పెట్టి నిద్రపోయేవారికీ, గడ్డివాము పక్కన పెట్టేవారికీ ఏం చెప్పాలి? చాలా చిన్న డ్రోన్లకు తయారీదారులు 40 డిగ్రీల వేడినే హద్దుగా చెబుతారు. మన రోహిణి ఎండలు ఎంతో అందరికీ తెలిసినదే. ఎండలో నిలిపిన కారులో బ్యాటరీ వదలరాదు. ఎగిరి వచ్చిన బ్యాటరీని చల్లారనిచ్చాకే ఛార్జింగు పెట్టాలి. ఉబ్బినదాన్ని గుచ్చరాదు, మళ్లీ వాడరాదు.

దించడానికి ఒక చాప కావాలి. దుమ్ములో దించితే ఇసుక మోటార్లలోకి పోతుంది. గోనెపట్టా పరిస్తే గాలికి అంచు లేచి రెక్కలకు చుట్టుకుంటుంది కనుక నాలుగు మూలలా రాళ్లుండాలి. ట్రాక్టరు బానెట్టు మీదనుంచి లేపడం మరీ తప్పు. ఇనుము దగ్గర దాని దిక్సూచి తప్పుతుంది. చిట్లిన రెక్కను జిగురుతో అతికి వాడరాదు. విడి రెక్కలు రెండు జతలు దగ్గర ఉంచుకోవాలి. కుడివైపు తిరిగేవి, ఎడమవైపు తిరిగేవి వేరువేరని మరువరాదు.

సిగ్నలు తెగితే డ్రోను తానే తిరిగివచ్చే ఏర్పాటు ఉంటుంది. అయితే ముందుగా నిర్ణయించిన ఎత్తులో వస్తుంది. ఆ ఎత్తు ఊరి తాటిచెట్ల కంటే, కరెంటు తీగల కంటే తక్కువైతే వాటికే కొట్టుకుంటుంది. తీగలకు చిక్కినదాన్ని వెదురుగడతో దించబోవడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. విద్యుత్ సిబ్బందిని పిలవాలి.

కృష్ణా జిల్లావారికి మరొక బాధ్యత ఉన్నది. గన్నవరంలో విమానాశ్రయం ఉన్నది. విమానాశ్రయం హద్దునుంచి 8 కిలోమీటర్ల లోపు నేలమట్టంనుంచే అనుమతి కావాలి. 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య 200 అడుగులు, ఆ తరువాత పచ్చరంగు ప్రాంతాల్లో 400 అడుగులు హద్దు. ఈ రంగుల పటాన్ని కేంద్రం డిజిటల్ స్కై పేరిట 2021 సెప్టెంబరులో విడుదల చేసింది. రంగులు మారుతుంటాయి కాబట్టి ఎగురవేసే రోజున చూసుకోవాలి. ఉల్లంఘనకు లక్ష రూపాయలదాకా జరిమానా ఉన్నది. రెండు కిలోల లోపు డ్రోనును సరదాకు ఎగురవేసేవారికి పైలట్ సర్టిఫికెట్ అక్కరలేదు. అదే డ్రోను 250 గ్రాములు దాటినదై, పెళ్లి ఫొటోలకు డబ్బు తీసుకుంటే సర్టిఫికెట్ ఉండాలి. ఈ తేడా తెలియక బేరాలు ఒప్పుకుంటున్నవారు ఉన్నారు.

గన్నవరం చుట్టుపక్కల ఏ ఊరు ఏ రంగులో ఉన్నదో తెలిపే బోర్డు ప్రతి పంచాయతీ కార్యాలయం ముందు తెలుగులో పెట్టించడం అధికారులకు పెద్ద ఖర్చు కాదు. ఉయ్యూరు వీరమ్మతల్లి తిరునాళ్లలో జనం కిక్కిరిసి ఉంటారు. ఈసారి తిరునాళ్లకు ముందే ఆ బోర్డులు లేవాలి. జనం తలల మీద ఎవరి డ్రోను ఎగరవచ్చునో, ఎవరిది ఎగరకూడదో పోలీసులు ముందుగానే దండోరా వేయించాలి.